జిల్లాకు ఎల్లో అలర్ట్ అంటే మా కల్లం మీద వాన పడుతుందనా? వేసవి గాలివానలు, వడగాలుల అంచనాను ఎలా చదవాలి

యాసంగి_జగిత్యాల | ఏప్రిల్ 23, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మనసు బాగోలేక రాస్తున్నాను, కొంచెం పెద్దగా ఉంటుంది.

మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల యాసంగి వరి కోయించి వడ్లు కొనుగోలు సెంటర్ దగ్గర ఆరబోశాం. తేమ 17 శాతానికి దిగితే తప్ప కాంటా పెట్టరు. మొన్న ఎల్లో అలర్ట్ అన్నారు. పొద్దున్నే పరదాలు కప్పాం, చుక్క పడలేదు. మంచి ఎండ పోయింది. నిన్న మళ్లీ ఎల్లో, మళ్లీ కప్పాం, మళ్లీ ఏమీ లేదు. ఇవాళ కూడా అదే మాట. "రెండు రోజులు నమ్మి ఎండ పోగొట్టుకున్నాం, ఇవాళ ఆరనియ్యి బిడ్డా" అన్నారు నాన్న. నాకూ అదే సరైనదనిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు పడమర మొగులు లేచింది. ఇంకా అరగంట టైం ఉందనుకున్నాం. పది నిమిషాల్లో గాలిదుమారం వచ్చి పడింది. పరదా ఒక కొన నేను, ఇంకో కొన అమ్మ పట్టుకున్నాం. గాలి కిందికి దూరి పరదాను ఎత్తేసింది, తాడు జారి నా అరచేయి కోసుకుపోయింది. ఇరవై నిమిషాల వాన. కుప్ప కింద నుంచి నీళ్లు పారాయి. ఇప్పుడు గుప్పిట్లోకి తీసుకుంటే గింజ మెత్తగా, వేడిగా తగులుతోంది.

మూడు రోజులూ ఒకే రంగు, ఒకే వాక్యం. అందులో మాకు నిజమయ్యే రోజు ఏదో ముందే ఎలా తెలుస్తుంది? తెలిసిన వాళ్లు దయచేసి చెప్పండి.

నూజివీడు_తోట | ఏప్రిల్ 23, రాత్రి 9:30

చెల్లెమ్మా, ముందు చెయ్యి సంగతి చూసుకో. తాడు కోత మీద మట్టి ఉండనివ్వకు.

వడ్లు రాత్రి కుప్పగా ఉంచొద్దు. వేడి పుట్టిందంటే మొలక దగ్గర్లో ఉందన్నమాట. చినుకు లేకపోతే ఇప్పుడే పలచగా నెరిపి, గంటకోసారి తిరగెయ్యండి. ఉప్పు, పొడి ఊక కలిపితే మొలక ఆగుతుంది. ఎంత పాళ్లలో కలపాలో మీ ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఫోన్ చేసి అడగండి, ఈ టైంలో అయినా ఎత్తుతారు.

మాది మామిడి. మీ బాధ నాకు తెలుసు. నాకు ఒక్క గాలివానకు చెట్టుకి సగం కాయ నేలపాలైన ఏడాది ఉంది.

పాత_అబ్జర్వర్ | ఏప్రిల్ 23, రాత్రి 10:05

అమ్మా, నేను వాతావరణ పరిశీలన కేంద్రంలో ముప్పై ఏళ్లు పైగా పనిచేసి రిటైరయ్యాను. నీ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. నిదానంగా చదువు.

బులెటిన్‌లో రంగు ఒక్కటే చూస్తే సరిపోదు, దాని పక్కనున్న మాట కూడా చదవాలి. "ఒకటి లేదా రెండు చోట్ల" అని రాశారంటే, ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో 25 శాతం లోపే వాన నమోదవుతుందని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. "అనేక చోట్ల" అంటే 51 నుంచి 75. "దాదాపు అన్ని చోట్ల" అంటే ఆ పైన. ఇవి ఏదో వాడుకలో రాసే మాటలు కావు, ఒక్కో మాటకు ఒక్కో కొలత ఉంది. వేసవి ఉరుముల వానలకు ఎక్కువగా వచ్చేది "ఒకటి లేదా రెండు చోట్ల" అనే మాటే.

అంటే మీ జిల్లాలో నాలుగు ఊళ్లు ఉంటే మూడు ఊళ్లు పొడిగా ఉన్నా ఆ అంచనా తప్పినట్టు కాదు. మొన్న, నిన్న మీ ఊరు ఆ మూడింట్లో ఉంది. ఇవాళ నాలుగోది అయింది.

రంగు కూడా వాన ఎంత గ్యారంటీగా పడుతుందో చెప్పడానికి కాదు. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే వెంటనే కదలమని.

యాసంగి_జగిత్యాల | ఏప్రిల్ 23, రాత్రి 10:21

సార్, ఈ శాతాల సంగతి నాకు ఇరవై ఆరేళ్లొచ్చినా ఎవరూ చెప్పలేదు. మా వాట్సాప్ గ్రూపులో పసుపు రంగు మ్యాప్ ఒక్కటే వస్తుంది, కింద రాసిన వాక్యం ఎవరో కత్తిరించేసి పంపుతారు.

ఏఈఓ గారితో మాట్లాడాను. నెరుపుతున్నాం. మళ్లీ వస్తాను.

మొగులు_చూపు | ఏప్రిల్ 23, రాత్రి 11:02

అక్కా, నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. రోజూ సాయంత్రం రాడార్ చూడటం నా అలవాటు. ఇవాళ మీ వైపు జరిగింది కూడా చూశాను. మూడు గంటలకు ఆదిలాబాద్, నిర్మల్ వైపు చిన్న చిన్న చుక్కల్లా మొదలైంది. నాలుగుకల్లా రెండు మూడు కలిసి ఒక గీతలా అయ్యాయి. ఆ గీత ఆగ్నేయంగా కదిలింది. అంటే నాలుగుకి రాడార్ చూసి ఉంటే మీకు అరగంట పైగా దొరికేది.

అయితే ఒక ఇబ్బంది ఉంది. రాడార్ కిరణం నేలకు కొంచెం పైకి వాలి బయల్దేరుతుంది, భూమి గుండ్రం కాబట్టి దూరం వెళ్లేకొద్దీ నేల కిందికి జారిపోతుంది. హైదరాబాద్ రాడార్ నుంచి జగిత్యాల 150 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడికి చేరేసరికి కిరణం రెండున్నర, మూడు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మేఘం మధ్యభాగం బాగా కనబడుతుంది కానీ, నేల మీద పరిగెత్తే గాలి కనబడదు. మిమ్మల్ని దెబ్బకొట్టింది ఆ గాలే.

ఉరుముల మేఘంలో వాన కిందికి దిగేటప్పుడు చల్లగాలిని కూడా ఈడ్చుకొస్తుంది. ఆ గాలి నేలను తాకి నాలుగు వైపులా పరుచుకుంటుంది. వాన కంటే చాలా ముందు, ఒక్కోసారి పది పదిహేను కిలోమీటర్ల ముందే వచ్చేస్తుంది. అందుకే "మొగులు ఇంకా దూరంగా ఉంది" అనుకునేలోపే దుమ్ము లేస్తుంది. మబ్బు ఎంత దూరంలో ఉందో చూసి టైం లెక్క వేసుకోవద్దు. వేడిగాలి ఒక్కసారిగా ఆగి, ఒంటికి చల్లగా తగిలిందంటే ఇక కుప్పకు పరదా వేసే టైం అయిపోయింది, మీరు లోపలికి వెళ్లే టైం మొదలైంది.

కార్తెల_లెక్క | ఏప్రిల్ 24, ఉదయం 6:15

ఇన్ని రాడార్లు లేనప్పుడు మా తాతలు కార్తెలు చూసి చెప్పేవారు. భరణి కురిస్తే ధరణి పండుతుందనేవారు. రోహిణిలో రోళ్లు పగులుతాయనేవారు. అవి తప్పలేదు. ఇప్పుడు ఫోన్లో ఏడు యాప్‌లు పెట్టుకుని కూడా వడ్లు తడుపుకుంటున్నాం. ఎవరినీ కించపరచడానికి అనడం లేదు. ఆకాశాన్ని చూసే అలవాటు పోయిందని నా బాధ.

పాత_అబ్జర్వర్ | ఏప్రిల్ 24, ఉదయం 7:40

కార్తెల_లెక్క గారూ, ఆకాశం చూసే అలవాటు పోయిందన్నారు, అది అక్షరాలా నిజం. నాకూ ఆ బాధ ఉంది.

కానీ కార్తె చెప్పేది సగటు. కొన్ని వందల ఏళ్లు చూసిన వాళ్లు "ఈ పదమూడు, పద్నాలుగు రోజులు మామూలుగా ఇలా ఉంటాయి" అని కూర్చిన జ్ఞానం. విత్తనం ఎప్పుడు సిద్ధం చేసుకోవాలో దానికి పనికొస్తుంది. ఈ సాయంత్రం ఏమవుతుందో దానికి తెలియదు. 2025 సంగతి గుర్తుందా? రోహిణి కార్తె మొదలయ్యేది మే 25న. ఆ ఏడు మే 24కే నైరుతి కేరళను తాకింది, 2009 తర్వాత అంత తొందరగా రావడం అదే. రెండు రోజుల్లో రాయలసీమలోకీ వచ్చేసింది. రోళ్లు పగలాల్సిన రోజుల్లో మబ్బులు, జల్లులు. అలాగని సామెత అబద్ధం కాదు, ఆ ఏడు వేరు.

కార్తెల_లెక్క | ఏప్రిల్ 24, ఉదయం 8:02

నిజమే మాస్టారూ. ఆ ఏడు నేను దుక్కి దున్నకుండా రోహిణి దాకా ఆగాను. నష్టపోయాను కూడా.

డాలస్_నుంచి | ఏప్రిల్ 24, ఉదయం 9:30

నేను టెక్సాస్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను, సొంతూరు కోదాడ. ఇక్కడా ఏప్రిల్, మే నెలలంటే భయమే. టెన్నిస్ బంతులంత వడగళ్లు పడి మా వీధిలో కార్ల అద్దాలన్నీ పోయాయి.

ఇక్కడ రెండు మాటలు విడివిడిగా వాడతారు. "వాచ్" అంటే పరిస్థితులు కుదిరాయి, కన్నేసి ఉండు అని. "వార్నింగ్" అంటే రాడార్‌లో కనబడింది, లేదా ఎవరో కళ్లారా చూశారు, కదులు అని. ఓక్లహామాలోని నార్మన్‌లో ఉరుముల గాలివానలను ముందే అంచనా వేసే కేంద్రం ఉంది, వాచ్ అక్కడి నుంచి వస్తుంది. వార్నింగ్ స్థానిక ఆఫీసు ఇస్తుంది. 2007 నుంచి ఆ వార్నింగ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తానికి కాకుండా మేఘం వెళ్లే దారి మేరకే మ్యాప్ మీద గీత గీసి ఇస్తున్నారు. ఇంత ఉన్నా ఆ వార్నింగ్ చేతికి దొరికేది నిమిషాల ముందే. కానీ ఏ మాట వింటే ఏం చెయ్యాలో ఇక్కడ స్కూలు పిల్లలకు కూడా తెలుసు.

చెల్లీ, మీ ఎల్లో అలర్ట్‌ని వాచ్ అనుకోండి. వార్నింగ్ ఎక్కడ దొరుకుతుందన్నదే మీకు కావాల్సిన ప్రశ్న.

మొగులు_చూపు | ఏప్రిల్ 24, ఉదయం 10:11

అన్నా, బాగా చెప్పారు. మనకూ ఆ రెండోది ఉంది, చాలామంది చూడరంతే. వాతావరణ శాఖ వాళ్లు మూడేసి గంటలకు "నౌకాస్ట్" ఇస్తారు. పొద్దున వచ్చే అయిదు రోజుల అంచనా వేరు, ఇది వేరు. రాడార్లో కనబడుతున్న దాన్ని చూసి, వచ్చే రెండు మూడు గంటలకు ఏ జిల్లాలో ఉరుములు, ఎంత వేగంతో గాలులు అన్నది చెబుతారు. "మౌసమ్" యాప్‌లో దొరుకుతుంది. పిడుగులకైతే "దామిని" యాప్ ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్లు చేసింది, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల వలయంలో పిడుగు పడితే చూపిస్తుంది.

అంచనా వేసే కంప్యూటర్ మోడళ్లు కూడా మెరుగయ్యాయి. 2025 మే నుంచి మన దేశంలో 6 కిలోమీటర్ల గడులతో లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ నడుస్తోంది. అంతకుముందు 12 కిలోమీటర్లు. అయినా వేసవి ఉరుముల మేఘం ఒక్కోటి అయిదు, పది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. అరగంట నుంచి గంటలో పుట్టి, పెరిగి, కురిసి పోతుంది. అంటే అది ఒక గడిలో, రెండు గడుల్లో ఇమిడిపోయే వస్తువు. అది ఏ ఊరి మీద లేస్తుందో ముందురోజే చెప్పడం ఇప్పటికీ కుదరదు. ఉదయం చెప్పగలిగింది "ఈ జిల్లాల మీద లేవడానికి సరుకు సిద్ధంగా ఉంది" అన్నంత వరకే.

యాసంగి_జగిత్యాల | ఏప్రిల్ 24, ఉదయం 10:40

తమ్ముడూ, ఆ సరుకు ఏంటో చెప్పవా? ముందు రెండు రోజులూ లేవకుండా నిన్న ఎందుకు లేచింది? రెండు రోజులూ ఎండ అంతే ఉంది, ఉక్క కూడా అంతే ఉంది.

పాత_అబ్జర్వర్ | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 12:20

ఇది నేను చెబుతాను. నా ఉద్యోగంలో నాకు ఇష్టమైన పనే ఇది.

మూడు కావాలి. కింద తేమ, నేల వేడి, పైకి ఎత్తే ఒక ఊతం.

ఏప్రిల్, మే నెలల్లో బంగాళాఖాతం మీద నుంచి దక్షిణ, ఆగ్నేయ గాలి తేమ మోసుకొస్తుంది. అటు మహారాష్ట్ర వైపు నుంచి వాయవ్య గాలి పొడిగా, వేడిగా వస్తుంది. ఈ రెండూ ఎదురుపడే చోట ఒక గీత ఏర్పడుతుంది. రోజూ వార్తల్లో "విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు వరకు ద్రోణి" అని వింటుంటారే, అదే. సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తులో అని కూడా చెబుతారు. ఆ ద్రోణి తూర్పుకు జరిగితే పొడిగాలి మనదవుతుంది, వడగాలి. పడమరకు జరిగితే తేమ మనదవుతుంది, సాయంత్రం ఉరుము. అందుకే ఒకే వారంలో మనకు రెండూ వస్తాయి. వార్తల్లో ద్రోణి అన్న మాట వినగానే అది ఏ ఊళ్ల మీదుగా ఉందో గుర్తుపెట్టుకో అమ్మా. మీ ఊరు దానికి ఏ పక్కనుందో చూసుకుంటే సగం తెలిసిపోతుంది.

ఇక మొన్న ఎందుకు లేవలేదంటావా. అన్నానికి ఎసరు పెట్టి మూత వేశావనుకో. లోపల మరుగుతున్నా మూత గట్టిగా కూర్చుంటే పైకి ఏమీ కనబడదు. గాల్లోనూ అలాంటి మూత ఉంటుంది. నేలకు ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల పైన వేడి పొడిగాలి ఒక పొరలా పరుచుకుంటుంది. కింద నుంచి లేచే తేమగాలి అక్కడికి వెళ్లి ఆగిపోతుంది. ఆ మూత సాయంత్రం దాకా పగలకపోతే వాన లేదు, ఉక్క మాత్రమే. పగిలిందంటే కింద పోగైనదంతా ఒక్కసారి పొంగుతుంది. ముప్పావు గంటలో మేఘం పన్నెండు, పదిహేను కిలోమీటర్లు లేస్తుంది. రెండు రోజులు మూత నిలిచి మూడో రోజు పగిలితే వచ్చే గాలివాన మామూలుగా ఉండదు.

ఆ మూత ఎంత గట్టిదో చూడటానికే బెలూన్లు. మేం తెల్లవారుజామున చీకట్లో హైడ్రోజన్ నింపేవాళ్లం. నా ఎత్తుకు మించి ఉబ్బేది. దాని కింద దారానికి అరచేతిలో పట్టేంత పరికరం. గాలి ఉన్న రోజు ఇద్దరం పట్టుకుని పరిగెత్తి వదిలేవాళ్లం, లేకపోతే పరికరం నేలకు కొట్టుకునేది. ఉదయం 5:30, సాయంత్రం 5:30 లెక్కకు దేశమంతా ఒకేసారి పరిశీలన. పైకి పోతూ వేడి, తేమ రేడియోలో చెబుతూ పోతుంది, పాతిక కిలోమీటర్లు దాటాక పగిలిపోతుంది. ఆ అంకెలతో గీసిన గీతలో కిలోమీటరున్నర దగ్గర ఒక వంపు కనబడితే మా పెద్దాయన "ఇవాళ మూత ఉందోయ్, పగిలితే చూడు" అనేవారు. పగులుతుందో లేదో మాత్రం ఆయనా చెప్పలేకపోయేవారు.

నూజివీడు_తోట | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 1:05

ఎసరు మూత మాట మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను సార్.

నేను ఎలా వాడుకుంటానో చెబుతాను. అయిదు రోజుల అంచనాలో ఆరెంజ్ కనబడితే ముందు రెండు రోజులూ తోట పడమటి అంచు వరసల్లో తయారైన బంగినపల్లి చిక్కంతో కోయించేస్తాను. మాకు గాలి ముందు తగిలేది అటే. రెండు రోజులు ఆగితే ఇంకా రంగు తిరిగేది, నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చేది, ఒప్పుకుంటాను. కానీ రాలిన కాయ పచ్చడికీ, తాండ్రకూ తప్ప పోదు. ఒక వైపు దెబ్బ తగిలి కమిలితే అదీ ఎవరూ తీసుకోరు. చిన్న రసాలు మాత్రం కదిలించను, వాటి టైం వేరు.

ఆరెంజ్ వచ్చి గాలి రాని సందర్భాలు ఉన్నాయా అంటే, ఉన్నాయి. నాకు బాధ లేదు. కాయ ఇంట్లో ఉంది.

పల్నాడు_మేటు | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 2:48

మీరంతా వాన గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర మనిషి ప్రాణం తీసేది ఎండ. నేను ఉపాధి పనిలో మేటుని, రెంటచింతల దగ్గర. మా వైపు ఎండ గురించి రాష్ట్రమంతా తెలుసు.

రెండేళ్ల కింద మే నెలలో మా గ్రూపులో ఒకావిడ పదకొండు గంటలకు పార వదిలేసి కూర్చుంది. నవ్వుతూనే "కళ్లు తిరుగుతున్నాయే" అంది. నీళ్లిచ్చాను. అయిదు నిమిషాలకు మాట తడబడింది. చెయ్యి పట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది, చుక్క చెమట లేదు. అప్పటిదాకా నాకు తెలియదు, చెమట ఆగిందంటే ప్రమాదం అని. నీడకు మోసుకెళ్లి, బిందె నీళ్లు ఒంటి మీద పోసి, కండువాలతో విసిరాం. 108 వచ్చేదాకా ఆపలేదు. బతికింది. అలా తడపకపోయి ఉంటే బతికేది కాదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది.

నేను అడిగేది, వడగాలి అంచనానైనా నమ్మొచ్చా? నమ్మొచ్చంటే నేను పని టైం ముందే మార్చుకుంటాను.

పాత_అబ్జర్వర్ | ఏప్రిల్ 24, మధ్యాహ్నం 3:30

నమ్మొచ్చమ్మా. గట్టిగా చెబుతున్నాను.

ఉరుముల మేఘం పది కిలోమీటర్ల వస్తువు. వడగాలి కొన్ని వందల కిలోమీటర్ల వస్తువు. పొడిగాలి రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భ దాటి మన మీదికి రావడానికి రోజులు పడుతుంది, వచ్చాక కదలడానికీ రోజులు పడుతుంది. అందుకే నాలుగైదు రోజుల ముందు చెప్పిన వడగాలి చాలావరకు వస్తుంది. ఒకటి, రెండు డిగ్రీలు అటూ ఇటూ కావచ్చు. నువ్వు నాలుగు రోజుల ముందే పని టైం మార్చుకో. తెల్లవారి మొదలుపెట్టి పదిలోపు ఇంటికి పంపించెయ్.

దేనిని వడగాలి అంటారో కూడా తెలుసుకో. మైదానంలో కనీసం 40 డిగ్రీలు తాకాలి, ఆ ఊరి మామూలు కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. 6.4 దాటితే తీవ్ర వడగాలి. మామూలుతో పని లేకుండా 45 తాకినా వడగాలే, 47 తాకితే తీవ్రం. తీరంలో 37 చాలు, మామూలు కంటే 4.5 పెరిగితే. ఆ గాలి తేమది కాబట్టి అక్కడ గీత కిందికి దించారు. ఆంధ్రలో విపత్తు నిర్వహణ సంస్థ వాళ్లు మండలాల పేర్లతో ముందురోజే జాబితా ఇస్తారు. నీ మండలం పేరు అందులో ఉందో లేదో రోజూ సాయంత్రం చూడు.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఎండకు వెయ్యి మందికి పైగా పోయారు. 2015 మేలో దేశమంతా రెండు వేలకు పైగా పోతే అందులో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల వాళ్లే. కూలికి వెళ్లినవాళ్లు, మేకలు కాసేవాళ్లు, ముసలివాళ్లు. ఆ రెండేళ్లూ ఆ అంకెలు సేకరించే బల్ల దగ్గర నేనున్నాను. ఎండ వస్తోందని మాకు ముందే తెలుసు. ఆ మాట పొలం దాకా చేరలేదు.

బందరు_గాలి | ఏప్రిల్ 24, సాయంత్రం 5:15

తీరం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మాది మచిలీపట్నం. వేట నిషేధం కదా, జూన్ 14 దాకా ఖాళీనే. మా దగ్గర ఎండ ఎంత అన్నది సముద్రపు గాలి ఎన్నింటికి తిరుగుతుందన్న దాని మీద ఉంటుంది. పదకొండు, పన్నెండుకు తూర్పు నుంచి గాలి తిరిగితే 36, 37తో సరి. పడమటి గాలి గట్టిగా తోస్తే సముద్రపు గాలి లోపలికి రాలేదు. అప్పుడు మూడు గంటలకు కూడా 43, 44. అలాంటి రోజున ఒడ్డున నిలబడితే మొహానికి సముద్రం, వీపుకి పొయ్యి.

మొగులు_చూపు | ఏప్రిల్ 24, సాయంత్రం 5:50

బందరు అన్నా, మీరు చెప్పింది తుఫాను వెళ్లాక ఇంకా బాగా కనబడుతుంది. 2019లో ఫణి మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. 2023లో మోఖా మే 14న మయన్మార్‌కు వెళ్లింది. రెండూ మనకు వాన ఇవ్వకపోగా, అక్కడ తిరుగుతూ మన మీదుగా పొడి పడమటి గాలిని లాగేశాయి. కోస్తాలో ఎండ మండింది. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గరే తీరం దాటింది కాబట్టి అప్పుడు మనకు వాన. అంటే మేలో బంగాళాఖాతంలో తుఫాను అన్న వార్త వినగానే అది ఎటు పోతుందో చూడాలి. ఉత్తరానికి పోతే కోస్తా వాళ్లు గొడుగు కంటే ముందు మజ్జిగ సిద్ధం చేసుకోవాలి.

ఇంకో మాట. "రేపు 55 డిగ్రీలు, బయటికి రావొద్దు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. దయచేసి ముందుకు పంపకండి. మన దేశంలో నమోదైన అత్యధికం 51 డిగ్రీలు, రాజస్థాన్‌లోని ఫలోడీలో, 2016 మే 19న. కార్ డ్యాష్‌బోర్డ్ మీద కనబడే అంకె రోడ్డు వేడి. కేంద్రంలో నీడలో, గాలి ఆడే తెల్లపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున కొలుస్తారు.

లైన్‌మ్యాన్_సిద్దిపేట | ఏప్రిల్ 24, రాత్రి 8:33

డ్యూటీ దిగి ఇప్పుడే చదివాను. అందరికీ దండం పెట్టి రెండు మాటలు చెబుతాను.

ఈదురుగాలి తర్వాత నేల మీద తీగ కనబడితే చచ్చిన తీగ అనుకోవద్దు. ఎవరూ దగ్గరికి పోవద్దు, గొడ్లను పోనివ్వొద్దు, ఫోన్ చెయ్యండి. తడిసిన వడ్ల దగ్గర మోటారు, బ్లోయర్ నడిపేటప్పుడు చెప్పులు లేకుండా స్విచ్ ముట్టొద్దు.

పిడుగు సంగతి. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై లోపు వినబడిందంటే పది కిలోమీటర్ల లోపే ఉంది, పక్కా ఇంట్లోకి పోవాలి. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రావాలి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఇవాళ్టి తేదీయే. మా వైపు పోయినవాళ్లలో చాలామంది చింతచెట్టు కిందికో, వేపచెట్టు కిందికో వానకు నిలబడ్డవాళ్లే. పరదా ఎగిరిపోతే పోనివ్వండి, ఉరుముల్లో కుప్ప మీద నిలబడి పట్టుకోవద్దు.

యాసంగి_జగిత్యాల | ఏప్రిల్ 24, రాత్రి 9:10

లైన్‌మ్యాన్ అన్నా, నిన్న మేం సరిగ్గా అదే చేశాం. కుప్ప మీద నిలబడి పట్టుకున్నాం. మీరు రాసింది చదివాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

వడ్లు ఇవాళ రోజంతా నెరిపి తిప్పాం. అడుగున ఒక మూల మొలక కనబడింది, రెండు బస్తాల దాకా పోవచ్చు. మిగతాది బతికేలా ఉంది.

నూజివీడు_తోట | ఏప్రిల్ 24, రాత్రి 9:25

రెండు బస్తాలతో పోయింది, సంతోషం తల్లీ. పరదా అంచుకు ఇటుకలు పెట్టకండి, గాలికి దొర్లిపోతాయి. పాత యూరియా సంచుల్లో ఇసుక సగం నింపి, అంచు మడిచి దాని మీద పెట్టండి. గాలి వచ్చే వైపు, అంటే పడమర, వాయవ్యం, దగ్గర దగ్గరగా పెట్టండి. కుప్ప చుట్టూ జానెడు లోతు కాల్వ తీయండి, నీళ్లు కింద నుంచి రావు.

మొగులు_చూపు | ఏప్రిల్ 25, ఉదయం 7:05

అక్కా, నాకు తోచిన పద్ధతి ఇది. పొద్దున అంచనాలో ఎల్లో ఉంటే వడ్లు ఆరబోయండి, కానీ పరదా మడిచి పడమటి అంచునే పెట్టుకోండి, ఇసుక సంచులు కూడా. ఒంటి గంట వరకు ఎండ మీదే, ఎందుకంటే మీ వైపు ఈ మేఘాలు దాదాపు ఎప్పుడూ రెండు దాటాకే లేస్తాయి. రెండు నుంచి అరగంటకోసారి రాడార్, నౌకాస్ట్ చూడండి. నిర్మల్, ఆదిలాబాద్ వైపు పసుపు చుక్క ఎరుపుకు తిరిగిందంటే మీ ఊరి మీద ఎండ ఉన్నా కప్పండి. ఆరెంజ్ ఉన్న రోజు మాత్రం ఒంటి గంటకే కప్పెయ్యండి, రాడార్ కోసం చూడొద్దు.

పాత_అబ్జర్వర్ | ఏప్రిల్ 25, ఉదయం 8:45

బాగుంది బాబూ. ఒకటి కలుపుతాను. మేఘం తల చూడమ్మా. గోబీపువ్వులా గట్టి అంచులతో పైకి ఉబ్బుతుంటే ఇంకా పెరుగుతోంది. పైభాగం కమ్మరి దాయిలా చదునుగా పరుచుకుంటే పూర్తిగా తయారైంది, గాలి ఏ నిమిషమైనా దిగుతుంది. నెట్ లేని ఊళ్లో కూడా ఆకాశం కనబడుతుంది. ఇది కార్తెల_లెక్క గారికి కూడా నచ్చుతుంది.

కార్తెల_లెక్క | ఏప్రిల్ 25, ఉదయం 9:00

నచ్చింది మాస్టారూ. మా తాత "మబ్బు కొండెక్కి కూర్చుంది" అనేవారు. ఆయన చెప్పింది ఇదేనేమో.

పల్నాడు_మేటు | ఏప్రిల్ 27, రాత్రి 7:20

చెప్పినట్టే చేశాను. జాబితాలో మా మండలం రాగానే అయిదున్నరకు పని మొదలుపెట్టించాను. మొదటి రోజు అందరూ గొణిగారు, పిల్లలకు వంట కుదరదన్నారు. ఇవాళ 44 దాటింది. తొమ్మిదిన్నరకల్లా అందరం ఇళ్లల్లో ఉన్నాం. ఆ పడిపోయినావిడే అందరికంటే ముందొచ్చి పార పట్టుకుంటోంది.

యాసంగి_జగిత్యాల | ఏప్రిల్ 28, రాత్రి 8:55

ఇవాళ మా దగ్గర ఏం జరిగిందో రాస్తాను.

పొద్దున ఎల్లో. ఆరబోశాం. రెండు పదికి తమ్ముడు చెప్పినట్టే నిర్మల్ వైపు చుక్కలు లేచాయి. రెండు నలభైకి ఒకటి ఎరుపైంది. మా ఊళ్లో మాత్రం మాడే ఎండ. నాన్న పైకి చూసి, నా ఫోన్ చూసి, "కప్పుదాం" అన్నారు. సెంటర్లో పక్కవాళ్లు కొందరు వద్దన్నారు, ఇద్దరు మాతోపాటు కప్పారు. మూడుంబావుకు మబ్బు కనబడింది, తల ఉబ్బుతూ ఉంది. నాలుగింటికి చల్లగాలి కొట్టింది, ఇసుక సంచులు కదల్లేదు. మేం అప్పటికే సెంటర్ గదిలో ఉన్నాం. నాన్న మెరుపుకీ ఉరుముకీ మధ్య వేళ్ల మీద లెక్కపెట్టారు, పద్దెనిమిది వచ్చింది.

వాన మాకు పడలేదు. ఉత్తరంగా వెళ్లిపోయింది, కోరుట్ల వైపు బాగా కొట్టిందట. మాకు దుమ్ము, నాలుగు చినుకులు. కప్పొద్దన్న వాళ్ల వడ్లు కూడా ఏమీ కాలేదు. వాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు, ఒకాయన వచ్చి ఆ రాడార్ ఎలా చూడాలో అడిగాడు. ఆయన ఫోన్లో పెట్టిచ్చాను.

సాయంత్రం తేమ 16.4 వచ్చింది. కాంటా అయింది. లారీ రేపు పొద్దున వస్తుందన్నారు. నౌకాస్ట్‌లో మా జిల్లా ఇప్పుడు ఖాళీగానే ఉంది, అయినా బస్తాల మీద పరదా తీయలేదు. నాన్న అక్కడే మంచం వేసుకున్నారు.